ప్లగ్గు పీకి చూసే మనిషి

ఆవిడ పోయిందన్న ఫోను వచ్చేసరికి నేను పూర్ణా మార్కెట్ వెనక సందులో పాత యూపీఎస్ బ్యాటరీల లాటు బేరమాడుతున్నాను. అమ్మేవాడు అప్పటికే దేవుడి మీద ఒట్టేశాడు. ఇంకాస్త లాగితే పిల్లల మీద కూడా వేస్తాడు, అప్పుడు దిగుతాడు అని నా అంచనా. ఫోన్లో ఆవిడ చెల్లెలి కొడుకు. "పెద్దమ్మ పొద్దున్న పోయిందండి. సాయంత్రం సమాధుల తోటకి తీసుకెళ్తన్నాం" అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని, ఎదుటివాడు చెప్పిన ధరకే సరేనన్నాను. వాడు సంతోషించలేదు, భయపడ్డాడు.

"ఏటి బావా, ఒంట్లో బాగోలేదేటి?"

చెప్పిన ధరకి సరుకు కొనడం మా ఇంటా వంటా లేదు. మా తాత, మా నాన్న ఇదే మార్కెట్లో ఎండు మిరపకాయలు అమ్మారు. నేను మిరపకాయలు వదిలేసి కంప్యూటర్లలోకి దిగాను. పెద్ద కంపెనీలు వాడి మూలన పడేసిన సర్వర్లు లాటుగా కొని, దుమ్ము ఊది, తళతళా తుడిచి, మిల్లులకీ నర్సింగ్ హోములకీ చేపల రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలకీ అమ్ముతాను. వాటి లోపల ఏం జరుగుతుందో నాకు తెలుసని ఎవరూ అపోహ పడొద్దు. మా నాన్నకి కడుపులో పుండు, మిరపకాయ కొరికి ఎరగడు. అయినా జీవితమంతా ఘాటు గురించి కొనేవాళ్లకి ఉపన్యాసాలిచ్చాడు. నాదీ అదే పద్ధతి. పెట్టె నేను అమ్మితే, అందులో ఎక్కించాల్సినవి ఎక్కించి నడిపించే పని ఆవిడది.

ఆవిడ పేరు రాయడం లేదు. చదువు, పెళ్లి, ఉక్కునగరం క్వార్టర్సులో కాపురం, అవన్నీ చెప్పడానికి వాళ్ల చర్చిలో మనుషులున్నారు. నాకు తెలిసింది ఆవిడ చేతులూ, నోరూ.

మొదటిసారి కంచరపాలెంలో నా కొట్టుకి వచ్చినప్పుడు ఎంత తీసుకుంటారని అడిగాను. చెప్పింది. అలవాటు కొద్దీ సగం అన్నాను. ఆవిడ టీ గ్లాసు కింద పెట్టి, సంచీ భుజాన తగిలించుకుని వెళ్లిపోయింది. మా మార్కెట్లో లేచి వెళ్లడం బేరంలో ఒక భాగం, కొంచెం దూరం పోనిచ్చి వెనక్కి పిలవడం ఇంకో భాగం. పిలవాల్సిన చోట పిలిచాను. ఆగలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. చివరికి రైల్వే గేటు దాకా పరిగెత్తి, రొప్పుతూ ఎదురుగా నిలబడ్డాను.

"రేటు తగ్గించమన్నాను గానీ నన్నొదిలి పొమ్మన్లేదు కదండీ!"

"తగ్గిస్తాను బాబూ. ఏది మానీమంటారో సెప్పండి. ఎక్కించడం మానీమంటారా, నడిపించడం మానీమంటారా, పడిపోతే లెగుతాదో లేదో సూడ్డం మానీమంటారా?"

మూడోది ఏమిటో నాకు అర్థం కాలేదు. ఏమిటో తెలియని దాన్ని తీసేయమనడం కొనేవాడు చేయకూడని పని. నోరు మూసుకుని ఒప్పుకున్నాను. ఆ రోజు నుంచి ఆవిడ నన్ను 'సావుకారూ' అని పిలిచింది. అందులో గౌరవం పాలు తక్కువ. నేను 'అక్కా' అన్నాను.

మూడోది ఏమిటో ఐసు ఫ్యాక్టరీలో చూశాను. ఆవిడ పని చూడ్డానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. నల్లటి తెర మీద ఒక వరుస అక్షరాలు కొట్టేది, చేతులు ఒళ్లో పెట్టుకునేది, జవాబు వచ్చేదాకా పెదాలు కదుపుతూ కూర్చునేది. భక్తిగల మనిషి, ప్రార్థన చేస్తోందనుకున్నాను. ఒకసారి దగ్గరికి వెళ్లి చెవి పెట్టాను. "లెగు. లెగు తల్లీ. బారెడు పొద్దెక్కింది" అంటోంది.

ఐసు ఫ్యాక్టరీలో అలాగే లేపింది. తెర మీద అంతా సవ్యంగా ఉందని వచ్చింది. ఓనరు చేతులు తుడుచుకుంటూ "అయిపోనాదా అమ్మా?" అన్నాడు. "ఇంకా లేదు" అని లేచి వెళ్లి, గోడకున్న ప్లగ్గు పట్టుకుని ఒక్క లాగు లాగింది. సర్వరు గుయ్‌మని మూలిగి ఆగిపోయింది.

"ఓలమ్మా! సంపీసినావేటి దాన్ని!" ఓనరు గుండె పట్టుకున్నాడు.

"సచ్చిందో, బతికే గుణముందో సూత్తన్నాను. మీ కరెంటు నన్నడిగి పోతాదేటి? అది పోయొచ్చిన ప్రతిసారీ నాను రానవసరం లేకండా, దానంతటది లెగాలి."

ప్లగ్గు మళ్లీ పెట్టింది. తర్వాత స్టూలు మీద కూర్చుని, దేన్నీ ముట్టుకోకుండా సంచీలోంచి వేరుశనగ ఉండ తీసి కొరుకుతూ ఎదురుచూసింది. పెట్టె లేచింది. దాని లోపల డేటాబేసు కూడా, ఎవరూ ఏ మీటా నొక్కకుండానే, లేచింది. అప్పుడు చేతులు దులుపుకుని, "ఇప్పుడయింది" అంది.

ప్రతిచోటా ఇదే తంతు. ప్లగ్గు పీకే ముందు ఒక చిన్న వరుస కొట్టేది. కరెంటు వస్తే నీ అంతట నువ్వు లేవాలి అని సర్వరుకి చెప్పే వరుస అది. కొట్టడం, పీకడం, వేరుశనగ ఉండ, ఈ మూడూ ఆవిడకి ఒకే పని. పెట్టె మీద వెలిగే దీపాలని లెక్కలోకి తీసుకునేది కాదు. "పచ్చలైటుకేటి సావుకారూ, కరెంటుంటే ఎలుగుతాది. ఇంట్లో లైటెలిగితే మనుసులున్నట్టేనా? తలుపు కొట్టి పిలవాల" అనేది.

శివార్లలో ఒక మిల్లుంది. తుక్కు ఇనుమును కొలిమిలో కాల్చి ఊచలు లాగుతారు. ఆ యజమానికి గేటు దగ్గర హాజరు వ్యవస్థ కావాలి. కూలీలందరూ కాంట్రాక్టర్ల మనుషులు. ఒక కాంట్రాక్టరు ఫోటో, ఆధారు, వేలిముద్ర అన్నీ ఇస్తాడు. ఇంకొకడు పేరూ ఊరూ చెప్పి ఊరుకుంటాడు. మూడోవాడు మేస్త్రీ పేరు చెప్పి, వీడి మనుషులు అంటాడు. దీనికి నోఎస్‌క్యూఎల్ డేటాబేసే కావాలంది ఆవిడ. అదేమిటన్నాను.

"మీ ఇంట్లో పోపులపెట్టుంటాది కదా. ఆవాల గిన్నెలో ఆవాలే పొయ్యాల, మెంతుల గిన్నెలో మెంతులే. పాత రకం డేటాబేసులు అలగుంటాయి. ఇది మీ గోడౌను లాంటిది. ఏ మూట ఎలగొస్తే అలగే పడీసి, మీద పేరు రాసిన సీటీ అంటించుకుంటాది."

గేటు దగ్గర కెమెరా మనిషి ముఖం చూసి, పచ్చదీపం వెలిగించి, వివరం సర్వరుకి పంపుతుంది. తన దగ్గర ఏమీ ఉంచుకోదు. రాసుకునేది సర్వరులోని డేటాబేసే.

ముందు రోజే అంతా ఎక్కించి నడిపించింది. యజమాని వచ్చి తెర చూసి గతుక్కుమన్నాడు. "స్టార్ట్ చేసేశారా మేడమ్! ముహూర్తం రేపు కదండీ. మా నాన్నగారి చేత్తో స్టార్ట్ చేయించాలి."

ఆపేసింది. ఆయనకి ఇంకో అనుమానం. "మీది కరెంటు పోయొస్తే దానంతటది లేస్తుందని చెప్పారు. మధ్యలో కరెంటు పోయి, ముహూర్తానికి ముందే లేచి కూర్చుంటే?"

"లెగుతాదండి."

"లేవకుండా చెయ్యండి మరి."

ఇంకో చిన్న వరుస కొట్టింది. ఎవరైనా లేపేదాకా లేవొద్దని.

మర్నాడు సర్వరుకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. కింద నిమ్మకాయ. పట్టుపంచె కట్టుకుని పెద్దాయన వచ్చాడు. ఏ మీట నొక్కాలో ఆవిడ చూపించింది. పంతులుగారు మంత్రం అందుకోగానే ఆయన నొక్కాడు. తెర మీద నడుస్తోందని వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. ఆవిడ కూడా ప్రసాదం తీసుకుంది, కళ్లకద్దుకోకపోయినా మర్యాదగా నోట్లో వేసుకుంది. చెయ్యి కొంగుకి తుడుచుకుని ప్లగ్గు దగ్గరికి వెళ్లింది.

"అమ్మా, అమ్మా!" యజమాని అడ్డం వచ్చాడు. "ముహూర్తానికి వెలిగించిన దీపాన్ని ఆర్పుతారా ఎవరైనా? మండలం, నలభై రోజులు ఆగకూడదు. తర్వాత మీ ఇష్టం."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఐసు ఫ్యాక్టరీ ఓనరుని నోరెత్తనివ్వని మనిషి సరేనని సంచీ సర్దుకుంది. స్కూటరు మీద వస్తూ, ఇక్కడెందుకు ఊరుకున్నావని అడిగాను.

"అక్కడంటే నా పని, నాను దెబ్బలాడొచ్చు. ఇది ఆల పూజ. మా ఇంట్లో ప్రార్థన మధ్యలో ఒకడొచ్చి ఆపీమంటే నాకెలగుంటాది? నాది కానిదానికి నాను అడ్డం సెప్పకూడదు సావుకారూ."

ప్లగ్గు పీకలేదు కాబట్టి దానికి ముందు కొట్టే వరుసా కొట్టలేదు. ఆవిడ జ్ఞాపకం చేతుల్లో ఉండేది. పూజ మధ్యలో వచ్చి ఆ చేతుల వరస తప్పించింది. మండలం గడిచింది, మళ్లీ ఎవరూ పిలవలేదు, ఆవిడ వేరే పనుల్లో పడిపోయింది.

ఎండాకాలంలో ఒక పొద్దున్న ఆ మిల్లులో కరెంటు పోయి, కాసేపట్లోనే వచ్చింది. సర్వరు లేచింది. కెమెరా లేచింది. వచ్చిన ముఖం వచ్చినట్టు పచ్చదీపం వెలుగుతూనే ఉంది. డేటాబేసు మాత్రం లేవలేదు, ఎవరూ గమనించలేదు. ఆ పూట కొలిమి దగ్గర ఒక కూలీ కుప్పకూలాడు. శ్రీకాకుళం వైపు పల్లె నుంచి భార్యతో వచ్చి, ఇక్కడ రేకుల షెడ్డులో ఉంటున్నవాడు. కాంట్రాక్టరు జీపులో వేసుకుని బయటికి తీసుకెళ్తుంటే దారిలో ప్రాణం పోయింది.

కాంట్రాక్టరు చెప్పింది వేరు. ఆ పూట కరెంటు లేదు, మిల్లు నడవలేదు, ఎవరూ పనికి రాలేదు, ఆ మనిషి బస్టాపులో వడదెబ్బకి పడిపోయాడు. కావాలంటే కంప్యూటరు చూసుకోండి, ఒక్క పేరూ లేదు. అతనితో పనిచేసినవాళ్లని అప్పటికే వేరే రాష్ట్రంలో పనికి పంపేశారు.

రిపోర్టు రావడం లేదని మర్నాడు మమ్మల్ని పిలిచారు. ఆవిడ ఒక వరుస కొట్టింది, డేటాబేసు లేచింది. అది లేచినందుకు ఆవిడ మొహంలో సంతోషం లేదు. ఎప్పటినుంచి పడుకుని ఉందో చూసింది. మళ్లీ చూసింది. వేరుశనగ ఉండ తీయలేదు.

యజమాని లోపలికి పిలిచి కుర్చీ వేయించాడు. "కూలీ ఒకడు పోయాడు కదండీ, దాని మీద విచారణ వస్తుంది. ఆ రోజు సిస్టం సరిగ్గా పనిచేసిందని ఒక ముక్క రాసివ్వండి మేడమ్. మీకూ మంచిదే. మీరు పెట్టింది ఆగిపోయిందని బయట తెలిస్తే మీకు పనెవరిస్తారు?" నా వైపు తిరిగి, కొత్తగా కట్టే మిల్లుకి కూడా సర్వర్లు నన్నే ఇమ్మన్నాడు.

బయటికి వచ్చాక ఆ బేరం గొప్పతనం ఆవిడకి వివరించాను. ఏం చేయను, పుట్టుక. ఎవరినీ తిట్టక్కర్లేదు, ఎవరి సొత్తూ దొంగిలించక్కర్లేదు, మన సరుకు మంచిదని మనమే చెప్పుకుంటే చాలు. ఇంత తేలికైన బేరం మా తాత కూడా చూసి ఉండడని అన్నాను.

ఆవిడ శ్రద్ధగా వింది. "బేరం బాగుంది సావుకారూ. మద్దిలో మనిషొకడు తగ్గిపోతన్నాడు, అంతే" అంది.

విచారణకి ఆవిడని ఎవరూ పిలవలేదు. తనే వెళ్లి అర్జీ పెట్టుకుంది. ఆ రోజు ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. గదిలో ఒక అధికారి, మిల్లు లాయరు, ఒక మూల చనిపోయినవాడి భార్య, ఆమె అన్న. నేను వెనక కుర్చీలో.

"మీ డేటాబేసులో ఆ పూట ఒక్క పేరు కూడా లేదు. ఒప్పుకుంటారా?" అన్నాడు లాయరు.

"లేదండి."

"అంటే ఎవరూ రాలేదనే కదా?"

"కాదండి. రాసుకునేదే ఆ పూట పడుకుండిపోయిందండి. కరెంటు పోయొచ్చాక లెగలేదు. మర్నాడు నాను ఎళ్లి లేపినాను. ఆ మద్దిలో ఎంతమందొచ్చినా దానికి తెలీదు."

"మీరు ఇన్‌స్టాల్ చేయలేదా?"

"సేసినానండి."

"స్టార్ట్ చేయలేదా?"

"అయిందండి. దానంతటది లెగమని సెప్పడం మర్సిపోనాను."

"మీ నిర్లక్ష్యం."

"అవునండి. రాసుకోండి."

నేను కుర్చీలోంచి లేచాను. పూజ గురించి, ప్లగ్గు పీకనివ్వకపోవడం గురించి అరిచి చెబుదామని. ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసిన చూపుకి మళ్లీ కూర్చున్నాను.

అధికారి కళ్లజోడు తీసి అడిగాడు. "ఆ మనిషి ఆ పూట మిల్లు లోపల ఉన్నాడని మీరు చెప్పగలరా?"

గదిలో అందరూ ఆవిడ వైపు చూశారు. మూల కూర్చున్న అమ్మాయి చేతిలో కొంగు నలిపేస్తోంది.

"సెప్పలేనండి. నాను సూడలేదు. కానీ లేడని సెప్పడానికి నా మిషను పనికిరాదండి."

మెట్లు దిగుతుంటే పట్టుకుని అడిగాను. పూజ మాట ఎందుకు చెప్పనివ్వలేదు?

"నా నోట పూజ మాటొస్తే ఏటవుతాది? సర్చికెళ్లే మనిషి పూజ మీద నెట్టీసిందంటారు. రేపు పేపర్లో అదే ఏత్తారు. ఇటు పదిమంది, అటు పదిమంది లెగుతారు. ఆ సచ్చినోడి సంగతి ఎవుడడుగుతాడు?"

కింద వరండాలో ఆ అమ్మాయి ఎదురొచ్చింది. ఇరవై ఏళ్లు దాటి ఎంతో అయి ఉండదు.

"నువ్వేనా ఆ మిషను పెట్టినావు?"

"నానేనమ్మా."

"అది లెగుంటే నా మొగుడి పేరు ఉండునా అందులో?"

"వచ్చుంటే ఉండునమ్మా."

"వచ్చుంటే ఏటి! నాను కట్టిన అన్నం ఒట్టుకుని ఎళ్లినాడు. వచ్చినాడని ఒక్క మాట సెప్తే నీ సొమ్మేటి పోతాది?"

"సూడనిది సూసినానంటే నా మాటంతా కొట్టీస్తారమ్మా. అప్పుడు మిషను పడుకుందన్న మొదటిది కూడా నిలబడదు."

ఆ అమ్మాయికి అది ఎక్కలేదు. ఎలా ఎక్కుతుంది? "నువ్వూ ఆల మనిసివే" అంది. "నీ నిద్దర మిషను వల్లే నా మొగుడు గాలికి పోనాడు. నీ సెయ్యి పడిపోను." అన్న వచ్చి లాక్కుపోయాడు. ఆవిడ అక్కడే నిలబడి, ఆ తిట్టంతా అయ్యేదాకా తల వంచుకోకుండా వింది.

యజమాని చెప్పినట్టే అయింది. మిల్లుల వాళ్లందరూ ఒకే దుకాణం దగ్గర టీ తాగుతారు, మాట ఆ రోజే తిరిగిపోయింది. నాసి మిరపకాయకి నూనె రాసి మెరుపు తెప్పించి అమ్మిన వంశం మాది. నేను ఏదైనా అమ్మగలను. ఆవిడని అమ్మలేకపోయాను. "ఆవిడా? తప్పు చేశానని తనే ఒప్పుకుని సంతకం పెట్టిన మనిషి కదా" అనేవాళ్లు. ఒప్పుకోనివాళ్లని పెట్టుకున్నారు. నేను రేటు తగ్గించి చెప్పాను, ఊరికే చేస్తుందని కూడా చెప్పాను. అది విన్నాక వాళ్లకి అనుమానం ఇంకా పెరిగింది. ఆవిడ ఒక జిరాక్సు కొట్లో కాగితాలు స్కాన్ చేసే పనికి కుదిరింది. తర్వాత ఒంట్లో నీరసం, ఆస్పత్రి, ఆ తర్వాత అదీ మానేసింది.

చాలా నెలలకి ఆ కేసులో ఉత్తర్వు వచ్చింది. మిల్లు గుమాస్తా నాకు చదివి వినిపించాడు. కంప్యూటరు ఆ పూట నడవలేదని దాన్ని పెట్టిన మనిషే చెబుతోంది కాబట్టి, అందులో పేరు లేకపోవడాన్ని రుజువుగా తీసుకోలేం, మిల్లు మూసి ఉందని వేరే ఆధారమూ చూపలేదు, కాబట్టి ఆ మనిషి పనిలో ఉండగానే పోయినట్టు. భార్యకి రావాల్సింది ఇవ్వండి. అంతే. ఆవిడ వరండాలో చెప్పిన 'మొదటిది' నిలబడింది.

నేను స్కూటరేసుకుని ఆవిడ ఉంటున్న మేడ మీద గదికి వెళ్లాను. మంచం మీద పడుకుని ఉంది. ఉత్తర్వు సంగతి చెప్పాను. కళ్లు మూసుకుని, పెదాలు కాసేపు కదిపింది. ఈసారి నిజంగా ప్రార్థనే.

"ఇప్పుడే వెళ్లి ఆ అమ్మాయికి చెబుతానక్కా. నీ మాట వల్లే వచ్చిందని. సరుకు దింపిన మనిషికి పేరు దక్కొద్దా? నిన్ను అన్ని మాటలంది."

"ఒద్దు సావుకారూ."

"ఎందుకొద్దు?"

"ఆ పిల్లకి కోపం పెట్టుకోడానికి ఒక మనిసి గావాల. కాంట్రాక్టరు కనపడడు. మిల్లుకి మొకం లేదు. దేముడి మీద పెట్టుకుంటే బతకలేదు. నా మీద ఉండనీ. నాకేటి బరువు?"

 మంచినీళ్లు ఇచ్చి వచ్చేశాను.

ఇవాళ సాయంత్రం సమాధుల తోటలో నా వంతు మట్టి వేసి వచ్చాను. జనం పెద్దగా లేరు. మిల్లుల వాళ్లు ఒక్కరూ రాలేదు. పాట పాడుతున్న ఆడవాళ్లలో ఆ అమ్మాయి ఉందేమోనని చూశాను. లేదు. ఆమె ఎక్కడున్నా, ఆ కోపంతో ఇంకా బతుకుతూనే ఉంటుంది. దాన్ని మోసిన మనిషి మట్టిలోకి వెళ్లిపోయిందని ఆమెకి ఎవరూ చెప్పి ఉండరు. నేనూ చెప్పను.